లస్మవ్వ నింపిన తూటా

తువ్వాల తడిసి ముద్దయింది. దాని కింద ఉండవలసిన ఎడమ అరచెయ్యి లేదు.

“గట్టిగ ఒత్తి పట్టు బిడ్డా! నెత్తురు ఆగుతలేదు!” 108 బండిలో ఎదురుగా కూర్చున్న సదయ్య అరిచాడు. ఈ ఘోరం జరిగింది ఆయన మక్కచేనులోనే. ఆయన చొక్కా నిండా మట్టీ, నెత్తురూ కలిసిపోయి ఉన్నాయి.

లస్మవ్వ రెండు చేతులతో భర్త ముంజేతిని బిగించి పట్టుకుంది. బండి సైరను మోగిస్తూనే ఉంది. గోదావరిఖని రోడ్డు మీద బొగ్గు లారీలు మాత్రం తాపీగా పోతున్నాయి. పొద్దు ఇంకా కుంకలేదు. రెండు గంటల కిందట ఇదే పొద్దులో భూపాల్ నవ్వుకుంటూ తుపాకీ భుజాన వేసుకుని ఇల్లు దాటాడు.

“ఏమైందయ్యా? జర మాట్లాడు!”

భూపాల్ పెదవులు కదిలాయి. “పందిని చూసిన... కాల్చిన... పేలింది లస్మీ.”

“ఏం పేలింది?”

“తూటా...” అన్నాడు. కళ్ళు మూసుకుపోయాయి.

ఆ తూటా నింపింది తనే. తూటా పేలిందన్న మాట సదయ్య కూడా విన్నాడు. తల వంచుకున్నాడు గాని, కాసేపటికి జేబులోంచి సెల్లు తీసి ఊరికి ఫోను చేశాడు. బండి దవాఖాన మెట్ల దగ్గర ఆగేసరికి ఆ మాట అక్కడికి ముందే చేరిపోయింది.

అత్త ఐలవ్వ మెట్ల మీదే ఎదురొచ్చింది. కొడుకును స్ట్రెచరు మీద లోపలికి తీసుకుపోగానే కోడలి మీద పడింది.

“నా కొడుకును మింగినవ్ గదనే! ఆడిదానివి, నీకు తూటాలు నింపుడేందే? పొయ్యికాడ ఉండే చేతులకు తుపాకి మందెందుకే?”

“అవ్వా, జర ఊకో.” ఐలవ్వ భుజం పట్టుకుని వెనక్కి లాగినవాడు ఎల్లేశం. భూపాల్‌తో ఒకే బొగ్గుబావిలో పదిహేనేళ్ళు పనిచేసినవాడు. ఇప్పుడు బావి మీద, కార్మికులకు దీపాలిచ్చే లాంపు రూములో డ్యూటీ. డ్యూటీ బట్టలతోనే ఉరికొచ్చాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “వదినె కావాలని చేసిందా ఏంది? చెయ్యి వణికి ఉంటది. ఒకే తూటాలకు రెండుమార్లు మందు పోసి ఉంటది. పానం పోలేదు, గదే పదివేలు.”

ఎంత మెత్తగా అన్నాడో, అంత లోతుగా దిగింది. చుట్టూ నిలబడ్డ ఊరివాళ్ళందరూ తలలాడించారు. రెండుమార్లు పోసింది. అంతే. ఊరికి జవాబు దొరికిపోయింది.

లస్మవ్వ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. చేతుల మీద భర్త నెత్తురు ఎండిపోతోంది. నిజంగా తనే చేసిందా? తనైతే ఆ చేతుల్ని ఏం చేసుకున్నా పాపం లేదు. తను కాకపోతే? తను కాకపోతే, చేసినవాడు ఈ భూమ్మీద ఎక్కడో హాయిగా ఊపిరి పీలుస్తున్నాడు.

ఆ ఆలోచన రాగానే ఆమె ఏడుపు ఆగిపోయింది.

*

సకల జనుల సమ్మె ముగిసిన మరుసటి ఏడు అది. మోకాళ్ళు దెబ్బతిని బావి పని మానేసిన భూపాల్, తండ్రి నాటి లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకున్నాడు. దానితోపాటు వచ్చింది పాత .315 రైఫిల్. చూడడానికి అచ్చం మిలిటరీ తుపాకీ. పొడవాటి కట్టె, బోల్టు, బరువు, అన్నీ అవే. మక్కచేన్లను అడవిపందులు దున్నేస్తుంటే అటవీ ఆఫీసు అతనికి కాల్చడానికి అనుమతి ఇచ్చింది. చుట్టుపక్కల రైతులకు అతను దేవుడయ్యాడు.

తూటాలతోనే తంటా. కొత్తవి కావాలంటే దుకాణంలో దొరకవు. దొరికినా కోటా దాటి ఇవ్వరు. అందుకే కాల్చాక మిగిలే ఇత్తడి ఖోకాలను మళ్ళీ నింపుకునే పద్ధతి తండ్రి నుంచి భూపాల్‌కు వచ్చింది. ఏళ్ళ తరబడి బొగ్గులో డ్రిల్లు పట్టిన చేతులు అతనివి. మంచె కర్ర మీద తుపాకీ ఆనించి కాల్చగలడు గాని, చిన్న పనికి వేళ్ళు వణుకుతాయి. అందుకే ఆ పని లస్మవ్వ నేర్చుకుంది.

మరునాడు పొద్దున దవాఖాన వరండాలో ఎస్సై విష్ణువర్ధన్ అడిగింది ఆ పని గురించే. మొన్ననే బదిలీ మీద కోస్తా నుంచి వచ్చిన మనిషి. గొంతు పెంచడు.

“తూటాలు నువ్వే నింపుతావటగా, అమ్మా?”

“అవు సారు.”

“దానికి లైసెన్సు?”

“తుపాకిది మా ఆయన పేరు మీద ఉన్నది. నింపుడుకు లేదు.”

“అబద్ధం చెప్పొచ్చు కదా?” ఎస్సై కొంచెం ఆశ్చర్యపోయాడు. “సరే. ఎలా నింపుతావో చెప్పు. ఒక్కటీ వదలకుండా.”

లస్మవ్వ చెప్పింది. అత్తను పక్కింటికి పంపి, పొయ్యి ఆర్పి, సెల్లు బందు పెట్టి కూర్చుంటుంది. ఆ పని నడిచినంతసేపు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ముందు ఖోకాల మెడలు వెలుతురులో తిప్పి చూస్తుంది. వెంట్రుకంత పగులు కనిపించినా పక్కన పారేస్తుంది. చాప మీద మందు డబ్బా ఒక్కటే ఉండాలి. రెండో రకం మందు గదిలోకే రాకూడదు. ప్రతిసారీ అవుసలాయన బంగారం తూచే త్రాసులో తూచి పోస్తుంది. కళ్ళ లెక్కన ఎన్నడూ పోయదు. మామ చెప్పిన కొలతకు తక్కువే గాని ఎక్కువ లేదు.

“మధ్యలో ఎవరైనా పిలిస్తే? పరధ్యానంలో ఒకదాంట్లో రెండుసార్లు పోస్తే?”

“అందుకే చెక్క ఉన్నది సారు. రంధ్రాలు చేసిన చెక్కల ఖోకాలన్ని వరుసగ నిలబెడ్త. మందు పోసినంక, గుండు పెట్టకముందు, బ్యాటరి లైటు వేసి అన్నిట్ల మట్టం చూస్త. ఒక్కటి ఎత్తుగున్నా, ఒక్కటి తగ్గినా అన్ని కింద పోసి మల్ల మొదలు పెడ్త. మొన్న కూడ చూసిన.”

“బాగా గుర్తుందా?”

“నా మొగుని ముఖం పక్కన పేలేదాన్ని సారు నేను నింపేది. గుర్తుండదా?”

అంతలో డాక్టరమ్మ బయటికి వచ్చింది. “ప్రాణానికి ఫికర్ లేదు. చెయ్యి మాత్రం నిలపలేకపోయాం. అయినా అదృష్టవంతుడు. కళ్ళు బాగున్నాయి, ముఖం మీద గీత కూడా పడలేదు,” అని చెప్పి వెళ్ళిపోయింది.

లస్మవ్వ లేచి నిలబడింది.

ముఖం మీద గీత పడలేదు.

తూటా చెడ్డదైతే పేలేది బోల్టు దగ్గర. అక్కడే కదా చెంప ఆనించేది. కన్ను పోవాలి, దవడ పోవాలి, కుడి చేతి వేళ్ళు పోవాలి. ఎడమ చెయ్యి పట్టుకునేది ముందువైపు, బ్యారల్ కింద.

ఆమె ఎస్సై వైపు తిరిగింది. అప్పటికే అతనూ కుర్చీలోంచి లేచాడు. శిక్షణలో పాత మిలిటరీ రైఫిళ్ళు భుజం కందేదాకా మోసినవాడతను. ఇద్దరికీ ఒకేసారి ఒకే ప్రశ్న వచ్చింది.

“సారు, తుపాకి ఎక్కడున్నది?”

“స్టేషన్లో. కానిస్టేబుల్ చేన్లోంచి తెచ్చి గోనెసంచిలో చుట్టి పెట్టాడు. నేనింకా విప్పి చూడలేదు,” అన్నాడు ఎస్సై. “పద.”

*

గోనెసంచి విప్పగానే కాలిన మందు వాసన గుప్పున కొట్టింది.

బ్యారల్ మధ్యలో అరటిపువ్వులా విచ్చుకుని ఉంది. దాని కింద కట్టె పీలికలు పీలికలయింది. బోల్టు మాత్రం చెక్కుచెదరలేదు. ఎస్సై పిడి పట్టుకుని వెనక్కి లాగాడు. రోజూ లాగినంత సులువుగా వచ్చేసింది. లోపలి ఖోకా టక్కున కింద పడింది. ఎక్కడా చీలలేదు, ఉబ్బలేదు.

“నీ తూటాకు ఏమీ కాలేదు,” అన్నాడు ఎస్సై ఖోకాను కిటికీ వెలుతురులో తిప్పుతూ. “గుండుకు దారి లేకపోయింది. ముందర ఏదో అడ్డం పడింది.”

లస్మవ్వ విచ్చుకున్న అంచుల్లోకి చూసింది. లోపలి గోడకు కాలి గట్టిపడిన మట్టి అంటుకుని ఉంది.

“కుమ్మరి పురుగు గూడు కట్టి ఉంటుంది,” అన్నాడు ఎస్సై. “గొట్టం కనిపిస్తే చాలు, మట్టి తెచ్చి నింపుతాయి. మా ఆర్మరీలో కూడా చూశాను.”

ఆమె గోటితో చిన్న పెళ్ళ గీకి, రెండు వేళ్ళ మధ్య నలిపింది. గరగరలాడింది. ఇసుక. మంచి ఏటి ఇసుక, పసుపు మట్టిలో కలిపి పిసికింది. సదయ్య చేను నల్లరేగడి. అక్కడి పురుగుకు పసుపు మట్టి ఎక్కడిది? ఇసుక కలపడం ఎవరు నేర్పారు?

“పురుగు గాదు సారు. ఇది మట్టి కడ్డి.”

“అంటే?”

“బావిల బొగ్గుకు రంధ్రం కొట్టి మందు పెడ్తరు గదా. మందు మీద ఊకె పేల్చరు. మట్టి, ఇసుక కలిపి చేసిన కడ్డీలు దూర్చి గట్టిగ కూరుతరు. అప్పుడు దెబ్బ బయటికి రాక బొగ్గును పగులగొడ్తది. పెండ్లికి ముందు నేను బావి మీద కూలికి పోయి చేసింది గా కడ్డీలే. మూడేండ్లు పిసికిన. చీకట్ల పెట్టినా నా వేళ్ళు పట్టుకుంటయి.”

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. “చూడమ్మా, నీ మంచికే చెబుతున్నాను. పురుగు గూడు అని రాస్తే ఇది ప్రమాదం. ఎవరి మీదా ఏమీ లేదు. నువ్వు ఇంటికి పోయి మీ ఆయన్ని చూసుకుంటావు. కాదు, ఎవరో కావాలని చేశారు అంటే కేసు కోర్టుకు పోతుంది. తూటా ఎవరు నింపారని అక్కడ మొదటి ప్రశ్న. నీ నోటితో నువ్వే ఒప్పుకోవాలి. వాడితోపాటు నువ్వూ లోపలికి పోవచ్చు.”

“వాడు పోతడా సారు?”

“నిరూపిస్తే పోతాడు.”

“గయితె నేను గూడ పోత.”

ఎస్సై ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ బెదురు వెతికాడు. దొరకలేదు.

“ఒక్కటే అడుగుత సారు. గొట్టంల మట్టి ముచ్చట మన ఇద్దరికే ఎరుక. ఊరంత తూటానే పేలిందనుకుంటున్నది. గట్లనే అనుకోనియ్యుండ్రి. నేను చేతగానిదాన్నే అనిపించుకుంట. రెండ్రోజులు.”

*

సదయ్యను అడిగితే అంతా తేలిగ్గానే బయటపడింది. ఆ సాయంత్రం చేనుకు రాగానే భూపాల్ తుపాకీని మోటరు రూములో గోడకు నిలబెట్టాడు. పందుల అడుగులు చూడడానికి సదయ్యతో గట్టు చివరిదాకా నడిచాడు. పోతూ పోతూ తన ఎర్ర తువ్వాల తీసి తలుపు గొళ్ళానికి కట్టాడు.

“గదెందుకురా అంటె నవ్విండు బిడ్డా,” అన్నాడు సదయ్య. “బావిల మందు పెట్టిన జాగకు ఎర్రగుడ్డ కడ్తే చీమ గూడ అటు రాదు అన్నడు.”

బావి నేర్పిన నమ్మకం అది. ఎర్రగుడ్డ దాటి ఎవడూ చెయ్యి పెట్టడు. అందుకే తిరిగొచ్చి తుపాకీ తీసుకున్నప్పుడు తూటాను తిప్పి చూశాడు గాని, బ్యారల్‌లోకి కన్ను పెట్టలేదు. బావి బయట లోకం వేరని మరిచిపోయాడు.

“అప్పుడు అటు దిక్కు ఎవలొచ్చిన్రు, కాకా?”

“కొమురెల్లి మేకలు తోలుకచ్చిండు. ఎల్లేశం డ్యూటికి పోయేటప్పుడు కల్లు తెచ్చిండు, ఉడకేసిన శెనగ గుడాలు కూడ తెచ్చిండు పాపం. మోటరు రూము పక్కన, మంచె కింద పెట్టి పోయిండు.”

ఇద్దరు. ఇద్దరికీ కారణాలున్నాయి.

కొమురెల్లి అడవిలో ఉచ్చులు పెట్టే మనిషి. కిందటేడు దుప్పి మాంసంతో దొరికితే, చూసింది చూసినట్టు చెప్పినవాడు భూపాల్. కొమురెల్లి వరంగల్ జైలులో ఆరు నెలలు ఉండి వచ్చాడు. ‘నీ కండ్లు పీకుత’ అని బస్టాండులో పదిమంది ముందు అరిచాడు కూడా.

ఎల్లేశం ఒకప్పటి షాట్‌ఫైరర్. మందు పెట్టి పేల్చే సర్టిఫికెట్ ఉన్న మనిషి. రెండేళ్ళ కిందట ఒక షిఫ్టులో మట్టి కూరకుండానే రంధ్రాలు పేల్చాడు. దెబ్బ ఎదురు తన్ని ఒక కుర్రాడి కాలు పోయింది. విచారణలో అందరూ నీళ్ళు నమిలారు. భూపాల్ ఒక్కడే ‘మట్టి పెట్టలేదు’ అని చెప్పాడు. ఎల్లేశం సర్టిఫికెట్ పోయింది. పైన లాంపు రూములో పడ్డాడు. కానీ ఆ తర్వాత అతనే ఇంటికి వచ్చి, ‘ఉన్నదే చెప్పిండు అన్న, నాకేం కోపం లేదు వదినె’ అని అన్నం తిని పోయాడు. అప్పటి నుంచి రాకపోకలు ఇంకా పెరిగాయి.

మట్టి కడ్డీ అన్నప్పుడే ఆమె మనసు అతని వైపు తిరిగింది. కానీ కడ్డీలు బావి మీద కుప్పలుగా పడి ఉంటాయి. ఎవడైనా ఒకటి జేబులో వేసుకోవచ్చు. కొమురెల్లి మేకలు మేసేది కూడా ఆ దిబ్బల మీదే.

పేరు ఒక్కటే కావాలి. తప్పు పేరు కాకూడదు.

ఆమె కొడవలి చేతిలో పట్టుకుని తిన్నగా కొమురెల్లి ఇంటికి పోయింది. అతను వాకిట్లో మేకకు ఆకు వేస్తున్నాడు.

“ఏంది లస్మక్క, కొడవలి పట్టుకచ్చినవ్? నన్ను కోస్తవా?”

“నువ్వయితె కోస్త.”

కొమురెల్లి పకపకా నవ్వాడు. “నేనేం జేసిన? నాకంటె ముందు నువ్వే జేసినవ్ గద! నా నోటి నుంచి అబద్ధమెందుకు, ఇన్నంక మస్తు ఖుషి అయిన. కోడిని గూడ కోసిన. మొగడు నన్ను జైల్ల ఏపిస్తె పెండ్లాం మొగన్ని దవాఖానల ఏసింది అనుకున్న. దేవుడున్నడు అక్క!”

“నీ కండ్లు పీకుత అన్నవ్ గద?”

“అన్న. పీకుదామంటె సందు దొరకలే. దొరికితె ఎదురుంగ వచ్చి పీకుదు. మీ బొగ్గుబావోళ్ళ లెక్క చాటుంగ పని నాకు రాదు.” ఒక్క క్షణం ఆగి, నవ్వు తగ్గించి అడిగాడు. “కండ్లు పోయినయా?”

“ఎందుకు?”

“తుపాకి పేల్తె పోయేది కండ్లే గద. మా మేనమామకు గట్లనే పోయినయి.”

లస్మవ్వ కొడవలి దించింది. పోయింది కళ్ళే అని వీడి నమ్మకం. చెయ్యి సంగతి తెలియదు. నటిస్తే తప్ప. నటన కాదని ఎలా తేలాలి?

ఇంటికి పోయే దారిలో ఆమెకు ఉపాయం తట్టింది.

*

ఇంటికొచ్చి ముందు వేరే పని చేసింది. పెరట్లో పసుపు మట్టి తెచ్చి, ఇసుక జల్లించి, నీళ్ళు చిలకరించి పిసికింది. చేతులు మరిచిపోలేదు. తుపాకీ గొట్టంలో పట్టేంత సన్నగా, వేలెడు కడ్డీ నున్నగా తయారైంది. దాన్ని ఎండలో పెట్టి పక్కనే కూర్చుంది.

ఒక్క కడ్డీ చాలు. చేసింది ఎల్లేశమే అయితే, వాడి చేతికి తుపాకీ ఇచ్చి, కాల్చు మరిది అంటే చాలు. వాడి చెయ్యి కూడా అరటిపువ్వులా విచ్చుకుంటుంది. ఎవరూ ఏమీ అనరు. లస్మవ్వ తూటాలు చెడ్డవని ఊరంతా అంటూనే ఉంది.

కడ్డీ ఎండింది. ఆమె దాన్ని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. చెయ్యి పోతే ఏమవుతుంది? పాపం ఎల్లేశం అంటారు. లస్మవ్వ చేతిలో ఇద్దరు బలయ్యారు అంటారు. వాడు ఒంటి చేత్తో మంచివాడిగానే బతికేస్తాడు. అది చాలదు. వాడికి పోవలసింది చెయ్యి కాదు, పేరు.

కడ్డీని మడమ కింద వేసి పొడి చేసింది. ఎస్సైకి ఫోను చేసింది.

*

మరునాడు పొద్దున సదయ్య చేనులో, మక్క కోసిన మడిలో ఊరు సగం పోగైంది. లస్మవ్వే పిలిపించింది. జైపూర్ మండలంలో ఇంకో లైసెన్సుదారు పోశం తన .315 తెచ్చాడు. ఎస్సై, కానిస్టేబుల్ గట్టు మీద వేపచెట్టు కింద నిలబడ్డారు. తూటాలు ఎస్సై చేతిలోనే ఉన్నాయి. చూడడానికి అన్నిటిలాంటివే. కానీ వాటిలో మందు లేదు, నిప్పు పుట్టించే క్యాపు కూడా ఉత్త డొల్లే. అలాగైతేనే ఒప్పుకుంటానని ఎస్సై అన్నాడు, లస్మవ్వ రాత్రికి రాత్రే తయారు చేసి ఇచ్చింది. ఆ సంగతి వాళ్ళిద్దరికీ, పోశానికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

“ఇనుండ్రి!” లస్మవ్వ గొంతెత్తింది. “నా తూటా పేలి మా ఆయన చెయ్యి పోయిందని ఊరంత అంటున్నది. గదే రోజు నింపిన తూటాలు ఇంకా ఉన్నయి. చెడ్డయా, మంచియా? గిప్పుడే తేలాలె. ఎవలన్న కాల్చి చూడుండ్రి.”

“నీకు పిచ్చా?” ఐలవ్వ కేకేసింది. “ఇంకెవన్ని పొట్టన పెట్టుకుంటవే?”

“కొమురెల్లి! కండ్లు పీకుత అన్నవ్ గద, మగోనివి, నువ్వు రా!” లస్మవ్వ అనగానే జనం గొల్లుమన్నారు. “పోరా పోరా” అని ఎవరో వెనక నుంచి నెట్టారు.

కొమురెల్లి పరువు కోసం ముందుకొచ్చాడు గాని, తుపాకీ అందుకోగానే అతని ముఖం వాడిపోయింది. ఎస్సై ఇచ్చిన తూటాను లోపలికి తోశాడు. బ్యారల్‌ను ఎడమ చేత్తో నిండా పట్టుకున్నాడు. కట్టెను చెంపకు ఆనించలేదు. తుపాకీని నడుము దగ్గరే దూరంగా పట్టుకుని, మెడ తిప్పగలిగినంత తిప్పి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాడు.

“అటు పంది కాదురా, నీ అత్త ఉన్నది!” అని ఎవరో అరిచారు. నవ్వుల మధ్య టక్కుమంది. పేలలేదు.

“ఎండకు సచ్చింది మందు,” అని కొమురెల్లి గబగబా తుపాకీ ఇచ్చేశాడు. వీపు మీద చొక్కా తడిసిపోయింది.

“ఇంకొక్కరు,” అంది లస్మవ్వ. “ఎల్లేశం, మరిదీ, నువ్వు మందు ఎరిగినోనివి. నువ్వు చూడు.”

“నాకెందుకు వదినె...”

“మీ అన్న కోసం.”

జనం అతని వైపు చూశారు. తప్పించుకోవడానికి వీలు లేదు. ఎల్లేశం వచ్చి తుపాకీ తీసుకున్నాడు.

అతను ముందు బోల్టు తీశాడు. తుపాకీని ఆకాశం వైపు ఎత్తి, బ్యారల్‌లో నుంచి వెలుతురు చూశాడు. చిటికెన వేలి గోరు మూతిలో పెట్టి తిప్పాడు. అప్పుడు తూటా అందుకుని లోపలికి తోశాడు. కట్టెను భుజానికి, చెంపను కట్టెకు ఆనించాడు. అతని కన్ను బోల్టుకు జానెడు దూరంలో ఉంది. రెప్ప కూడా కొట్టలేదు. ఎడమ చెయ్యి మాత్రం బ్యారల్ కిందికి పోలేదు. వెనక్కి వచ్చి మ్యాగజైను దగ్గరే ఆగింది.

టక్కుమంది. పేలలేదు.

ఎల్లేశం తుపాకీ దించేసరికి లస్మవ్వ అతనికి ఎదురుగా నిలబడి ఉంది.

“మరిదీ, నా తూటా అంటె భయం లేదా?”

“ఏం భయం వదినె?”

“నేను రెండుమార్లు మందు పోస్తనని దవాఖాన మెట్ల మీద నువ్వే అన్నవ్. గా మాట ఇని ఊరు ఊరంత నా తూటాకు దడుస్తున్నది. కొమురెల్లి అసొంటోడు మెడ తిప్పుకున్నడు. నువ్వు ఒక్కనివే చెంప ఆనిచ్చినవ్. నా తూటా మంచిదని నీకెట్ల ఎరుక?”

ఎల్లేశం నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. “అలవాటు వదినె. గట్లనే కాలుస్తం గద.”

“మరి గొట్టం ఎందుకు చూసినవ్? చెయ్యి ఎందుకు ఎనుకకు తీసినవ్?”

“చూసుకోవద్దా? అండ్ల మట్టి గిట్ల ఉంటె చెయ్యి పోదూ?”

వేపచెట్టు కింద ఎస్సై తల ఎత్తాడు.

“మట్టి?” లస్మవ్వ ఒక్క అడుగు ముందుకేసింది. “మట్టి ముచ్చట నీకెవలు చెప్పిన్రు? నేను చెప్పలే. సారు చెప్పలే. తుపాకి ఠాణా దాటి బయటికే రాలే. ఊరు నోట్ల తూటా తప్ప ఇంకో మాట లేదు.”

ఐలవ్వ నోరు తెరుచుకుని చూస్తోంది. సదయ్య నెమ్మదిగా తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

“పురుగు... కుమ్మరి పురుగు గూడు పెడ్తది గద అని...”

“పురుగు ఏటి ఇసుక కలుపుతదా? పసుపు మట్టి తెస్తదా? వేలెడు కడ్డి చేసి ఎండబెడ్తదా? అన్న ఎర్రగుడ్డ కట్టి పోయిండు. బావిల నువ్వు గూడ ఎర్రగుడ్డ కట్టినోనివే. గది దాటి చెయ్యి పెట్టినవ్. కల్లు కింద పెట్టి, కడ్డి లోపల పెట్టి పోయినవ్. మా ఇంట్ల తిన్న అన్నం గుర్తు రాలేదా?”

ఎల్లేశం చుట్టూ చూశాడు. ఒక్క ముఖంలోనూ అతని కోసం చోటు లేదు. అప్పుడు అతని గొంతులోంచి ఏళ్ళుగా అణిచిపెట్టింది తన్నుకొచ్చింది.

“మట్టి పెట్టలేదన్నడు! పదిమంది ఆఫీసర్ల ముందట మట్టి పెట్టలేదన్నడు! షాట్‌ఫైరర్ని లాంపులు తుడిసేటోన్ని చేసిండు. చిన్నపోరగాండ్లు గూడ ‘మట్టి పెట్టినవా కాకా’ అని నవ్విన్రు. పెట్టిన! ఈసారి గట్టిగ పెట్టిన!”

ఎల్లేశం చేతిలోని తుపాకీ కిందికి జారింది. పోశం దాన్ని అందుకుని పక్కకు తీసుకుపోయాడు. కానిస్టేబుల్ వచ్చి ఎల్లేశం రెక్క పట్టుకున్నాడు. ఐలవ్వ కోడలి వైపు ఒక అడుగు వేసి, ఇంకో అడుగు వేయలేక అక్కడే కూలబడింది.

ఎస్సై గట్టు దిగి లస్మవ్వ దగ్గరికి వచ్చాడు. మెల్లగా, ఆమెకు మాత్రమే వినిపించేలా అన్నాడు. “ఇప్పటికీ ఆలోచించుకో. ఫిర్యాదులో తూటా ఎవరు నింపారో కూడా రాయాలి. నీ మీదా కేసు పెట్టక తప్పదు.”

“రాయుండ్రి సారు. లస్మవ్వ నింపిందని రాయుండ్రి. మంచిగ నింపిందని గూడ రాయుండ్రి.”

అతను తల పంకించాడు. ఈసారి అందరికీ వినిపించేలా అడిగాడు. “భూపాల్ చెయ్యి తీసింది ఎవరు? పేరు చెప్పు.”

లస్మవ్వ ఎల్లేశం కళ్ళలోకి చూసింది. అతను తల దించుకోబోతే, దించుకునేదాకా కూడా ఆగలేదు. మడి అవతలి గట్టు దాకా వినబడేలా, ఒక్కో మాట విడిచి విడిచి చెప్పింది.

“దుర్గం ఎల్లేశం! మా ఇంటి అన్నం తిన్న ఎల్లేశం!”